రెండు సిగరెట్ల పెయింటరు

మా మావయ్య చేతికి గడియారం ఉండేది కాదు. ఆయనకు దాని అవసరం కూడా లేదు. బోర్డు మీద మొదటి పూత ఆరడానికి రెండు సిగరెట్లు పట్టేది. ముసురు పట్టిన రోజైతే ఇంకోటి. అక్షరాలకు నీడ దిద్దాక ఒకటి. దుకాణాలవాళ్ళు వచ్చి బోర్డు ఎప్పుడిస్తావని అడిగితే "రెండు సిగరెట్లు ఆగి రండి" అనేవాడు. వాళ్ళూ ఆ లెక్కకు అలవాటుపడి, ఈలోపు మార్కెట్టుకు పోయి వచ్చేవాళ్ళు. ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్ళు నాకు గుర్తులేరు. రెండు సిగరెట్ల పెయింటరంటే చాలు, వీధిలో ఎవరైనా మా ఇల్లు చూపించేవారు.

మా ఇల్లు అన్నాను గానీ అది వాళ్ళిల్లు. మా అమ్మకు ఉద్యోగంలో ఊరికే బదిలీలయ్యేవి. నా చదువు పాడవుతుందని తన తమ్ముడి దగ్గర ఉంచింది. మావయ్యకూ అత్తయ్యకూ పిల్లలు లేరు. అందుకని నన్ను నెత్తిన పెట్టుకుని చూసుకున్నారని చెబితే బాగుంటుంది కానీ, నిజానికి ఇద్దరూ నాచేత బాగానే పని చేయించుకున్నారు.

ముందు గది మావయ్య పనిచోటు, వెనక గది కాపురం, మధ్యలో ఒక పరదా. రేకు బోర్డులు గోడకు ఆనించి ఉండేవి. కిటికీ గట్టు మీద రంగు డబ్బాలు, మూతల చుట్టూ గడ్డకట్టిన రంగులు. గీత కొట్టాలంటే దారానికి సుద్దపొడి పట్టించి ఒక కొస నాకిచ్చేవాడు. రెండో కొస తను పట్టుకుని మధ్యలో లాగి వదిలితే టప్పున తెల్లటి గీత పడేది. "కదిలావంటే ఆ దుకాణం జన్మంతా వంకరగానే నడుస్తుంది" అని బెదిరించేవాడు. నేను ఊపిరి బిగబట్టేదాన్ని. టర్పెంటైన్, వార్నిషు, సిగరెట్టు పొగ, ఈ మూడూ కలిసిన వాసన నా చిన్నతనానికి వాసన. ఇప్పటికీ కొత్తగా రంగేసిన గేటు కనిపిస్తే ఆగి ఒకసారి పీల్చుకుని గానీ కదలను. మా పిల్లలు సిగ్గుపడతారు. పడనీ.

పొమ్మనలేక పొగబెట్టడమంటారు. మా ఇంట్లో చుట్టాల్ని రమ్మని పిలిచి మరీ పొగబెట్టేవాళ్ళం. వచ్చినవాళ్ళు దగ్గుతూ కాఫీ తాగి, సాయంత్రంలోపే సంచి సర్దుకునేవారు. అత్తయ్య చెయ్యని ప్రయత్నం లేదు. సిగరెట్టు పెట్టెలు దాచేసేది, అగ్గిపెట్టె తడిపేసేది, లవంగాలు జేబులో పోసేది. మావయ్య లవంగం బుగ్గన పెట్టుకుని సిగరెట్టు వెలిగించేవాడు.

అత్తయ్య పొట్టి మనిషి, గొంతు మాత్రం ఆరడుగులుండేది. నీళ్ళ ట్యాంకరు దగ్గర ఆవిడకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. అలాంటి మనిషికి ఒక్క భయం ఉండేది. ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోయేది. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయి, ఒక చుట్టం ఇంట్లో కొన్నాళ్ళు, ఇంకో చుట్టం ఇంట్లో కొన్నాళ్ళు పెరిగిందట. వాళ్ళు పెళ్ళిళ్ళకూ ప్రయాణాలకూ వెళ్తూ ఈవిణ్ణి ఇంటికి కాపలా పెట్టిపోయేవారట. మావయ్య పొరుగూరి పనికి వెళ్ళినప్పుడు పట్టపగలు కూడా లైట్లన్నీ వేసి, నన్ను బడి మాన్పించి పక్కన కూర్చోబెట్టుకునేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మావయ్యకు ఒక పెద్ద గోడ పని వచ్చింది. అత్తయ్యా నేనూ అన్నం క్యారియరు తీసుకెళ్ళేసరికి ఆయన నిచ్చెన మధ్యలో ఉన్నాడు. పైకి పోలేడు, కిందికి రాలేడు. మెట్టును రెండు చేతులా కావలించుకుని, నోరు తెరిచి గాలికోసం కొట్టుకుంటున్నాడు. అత్తయ్య కేకలేస్తుందనుకున్నాను. క్యారియరు కింద పెట్టి, నిచ్చెన కాళ్ళు గట్టిగా పట్టుకుని, ఆయన దిగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం సంగతి మరిచిపోయి అటునుంచి అటే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ ఊదించి చూసింది, వీపు మీద గొట్టం పెట్టి విన్నది. "పాడైనంత మేర పాడైపోయింది, అది వెనక్కి రాదు. ఉన్నది కాపాడుకోవాలంటే ఇప్పుడే మానాలి. ఇలాగే తాగితే ఎన్నాళ్ళో నేను చెప్పలేను" అంది.

"మానాలనే ఉందండీ, అదే నన్ను మానట్లేదు" అన్నాడు మావయ్య, నవ్వించబోయి.

ఎవరూ నవ్వలేదు. అత్తయ్య మెల్లగా అంది. "డాక్టరుగారూ, ఈయన నాకంటే ముందు పోకూడదండీ. నేను ఒక్కదాన్నీ ఉండలేను. మిగతావి ఏవైనా పడతాను, అది మాత్రం నావల్ల కాదు."

ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేను అప్పటిదాకా వినలేదు. మావయ్య తల వంచుకుని గోళ్ళలో ఇరుక్కున్న రంగు గిల్లుకుంటూ కూర్చున్నాడు.

సిగరెట్టు మాన్పించే మాత్రలున్నాయని డాక్టరమ్మ చీటీ రాసింది. "మానాలన్న పట్టుదల మీరు తెచ్చుకోవాలి. తాగాలన్న యావని ఇది తగ్గిస్తుంది. మొదటి వారం తాగుతూ వేసుకోవచ్చు, ఆ తర్వాత సిగరెట్టు ముట్టకూడదు. మూడు నెలలు మధ్యలో ఆపొద్దు. కడుపు నిండా తిన్నాకే వేసుకోండి. కలలు వింతగా వస్తాయి, కంగారుపడకండి. మనసు మరీ దిగులుగా అనిపిస్తే మాత్రం వెంటనే రండి" అని చెప్పింది.

ఎదురుగా అద్దాల మెడికల్ షాపులో కుర్రాడు కాలిక్యులేటరు నొక్కి మావైపు తిప్పాడు. అత్తయ్య దాన్ని ఇంకోసారి నొక్కమంది. రెండోసారీ అదే వచ్చింది.

"దీనికంటే సిగరెట్లే చవక కదయ్యా" అన్నాడు మావయ్య.

చివరికి ఒక్క షీటు కొన్నారు. అది ఎక్కువ రోజులు రావాలని మావయ్య ఒక ఉపాయం పన్నాడు. రంగు గీకే కత్తితో ప్రతి మాత్రనూ సగం చేశాడు. చిక్కటి రంగులో కాస్త టర్పెంటైన్ పోస్తే ఇంకో గోడ వస్తుంది కదా, అదే లెక్క. వేరే పెయింటరు ఎవరైనా అలా రంగు పలచన చేస్తే వాడి వంశాన్నంతా తిట్టే మనిషి, తన మందు తనే పలచన చేసుకున్నాడు. ఫలితం అలాగే వచ్చింది. యావ తగ్గలేదు. మెట్ల కింద నక్కి తాగడం మొదలుపెట్టాడు. పొగ దాగుతుందా. అత్తయ్య వెళ్ళి చూసింది. తిడుతుందని ఇద్దరం ఎదురుచూశాం. ఆవిడ వచ్చి బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఏడ్చింది. మావయ్య చేతిలో సిగరెట్టు వేళ్ళదాకా కాలినా గమనించలేదు.

"సగాలు చెయ్యను లేవే" అన్నాడు. "మందు ఎక్కడైనా చవగ్గా దొరుకుతుందేమో చూడు. మొత్తం వాడతాను."

ఆ మాట అంటే చాలు. అత్తయ్య కాళ్ళకు బలపం కట్టుకుంది. బడి అయ్యాక నేనూ వెంట. ఊళ్ళో మాకు తెలిసిన మందుల కొట్లన్నీ తిరిగాం. ప్రతి చోటా బేరమాడింది.

"అన్నీ నీ దగ్గరే తీసుకుంటాను, ఎంతకిస్తావు బాబూ?"

"అమ్మా, ఇది కూరగాయల కొట్టు కాదు."

"కూరగాయలైతే కనీసం ఏరుకోనిస్తారు" అని విసురుగా బయటికి నడిచేది. నాకు తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం ఆ చెయ్యి పట్టుకుని ఇంకో పది కొట్లు తిరగాలనిపిస్తుంది.

అంతమంది చేతుల్లో పడి చీటీ మడతల దగ్గర చిరిగిపోయింది, మీద టీ ఒలికింది. ఒక సాయంత్రం మావయ్య దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇదేం రాతే, కోడి గీకినట్టు. ఇలాంటి కాగితం చూపిస్తే ఎవరిస్తారు?" అన్నాడు. అత్తయ్య తనకోసం తిరిగినదానికి బదులు తనూ ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాడు పాపం. తెల్ల అట్ట ముక్క కోసి, సన్న బ్రష్షు తీసి, ఆ చీటీని మొత్తం తిరగరాశాడు. డాక్టరమ్మ పేరు నీలం రంగులో, కింద జంట గీతలు. మందు పేరు ఎర్రగా, దానికి బూడిదరంగు నీడ. ఎప్పుడెప్పుడు వేసుకోవాలో ఒక చక్కటి వరసలో. అంత అందమైన మందుల చీటీ ఈ భూమ్మీద ఇంకొకటి ఉండదు. పని అయ్యాక అలవాటు ప్రకారం చేతికి అందిన కాగితంతో బ్రష్షు తుడిచి పారేశాడు. ఆ కాగితం ఏదో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

మర్నాడు అత్తయ్య గొప్పగా ఆ అట్టను కౌంటరు మీద పెట్టింది. మందుల షాపాయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"బాగుందమ్మా. ఈ మూల సంతకం ఎవరిది?"

"మా ఆయనది." ఏ బోర్డు రాసినా మూలన చిన్నగా సంతకం పెట్టడం మావయ్య పద్ధతి.

"ఆయన డాక్టరా?"

"పెయింటరు."

"ఇది చీటీ కాదమ్మా, బోర్డు. దీనికి మందివ్వలేను" అన్నాడాయన అట్ట వెనక్కి తోస్తూ. కోపంగా అన్లేదు, అదే అత్తయ్యకు ఇంకా కష్టమనిపించింది.

ఇంక తప్పక ముగ్గురం దొంగల్లా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ అట్ట చూసి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. నవ్వు తగ్గాక, అసలు అన్ని కొట్లు ఎందుకు తిరిగారని అడిగింది. అత్తయ్య ఉన్నమాట చెప్పింది. మాత్రలు సగాలు చేసిన సంగతి కూడా మావయ్య వైపు చూస్తూ చెప్పేసింది.

డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. "కొనగలరా అని ఆరోజే నేను అడగాల్సింది. నేను రాసింది కంపెనీ పెట్టుకున్న పేరు. మందుకు అసలు పేరు వేరే ఉంటుంది. ఆ పేరుతో చిన్న కంపెనీలు కూడా చేస్తాయి. పెద్దాసుపత్రి వెనక సందులో ఒక కొట్టుంది, అక్కడ అడగండి" అని కొత్త చీటీ రాసింది.

"అంటే సరుకు అదే, డబ్బా వేరు" అన్నాడు మావయ్య.

"అంతే."

"ఆ అట్ట ఇలా ఇవ్వండి" అన్నాడు. సిగ్గుతో చించబోతున్నాడని తెలిసి డాక్టరమ్మ దాన్ని సొరుగులో వేసి మూసేసింది.

వెనక సందులో కొట్టు అగ్గిపెట్టెంత ఉంది. అద్దాల షాపులో ఒక్క షీటుకు అడిగిన డబ్బు పెడితే ఇక్కడ నెలకు సరిపడా మందు వచ్చింది. అత్తయ్య నమ్మక పేరు అక్షరం అక్షరం పోల్చి చూసుకుంది. అప్పుడు కూడా బేరమాడింది. అలవాటు చావదు.

ఆ మూడు నెలలు అంత తేలిగ్గా గడవలేదు. తిన్నది కడుపులో తిప్పేది. చీటికీ మాటికీ విసుక్కునేవాడు. ఇంట్లో ఎవరం నోరెత్తేవాళ్ళం కాదు, అత్తయ్య తప్ప. పొద్దున్నే లేచి కలలు చెప్పేవాడు. బోర్డుల మీది అక్షరాలు దిగివచ్చి కూలీ అడిగాయట ఒకసారి. అన్నిటికంటే పెద్ద చిక్కు పనిలో వచ్చింది. సిగరెట్టు లేకపోతే పూత ఆరిందో లేదో ఆయనకు తెలియడం లేదు. ఓపిక పట్టలేక వేలితో తాకి చూసేవాడు. వంతెన దగ్గర బేకరీ బోర్డు మీద ఆయన బొటనవేలి ముద్ర నేను పెళ్ళయి వెళ్ళేదాకా ఉంది.

అది చూసి అత్తయ్య వంటపని త్వరగా ముగించి వచ్చి పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. పూత ఆరేదాకా మాటలు. చిన్నప్పుడు కాపలా ఉన్న ఇళ్ళ సంగతులు ఒక్కోటి చెప్పేది. ఆయన వింటూ మధ్యమధ్య "ఆ ఇల్లెక్కడో చూపించు, గోడమీద బూతు రాసొస్తాను" అనేవాడు. అన్నేళ్ళ కాపురంలో వాళ్ళు అంత మాట్లాడుకోవడం నేను చూడలేదు. పరదా ఇవతల లెక్కలు చేసుకుంటూ వాళ్ళ గొంతులు విన్న ఆ సాయంత్రాలు, నాకు తెలిసినంతలో, నేను అందరికంటే సుఖంగా ఉన్న రోజులు.

మావయ్య మళ్ళీ ముట్టలేదు. నిచ్చెన కూడా ఎక్కాడు, మునుపటంత వేగంగా కాదు గానీ ఎక్కాడు. ఆ తర్వాత కంప్యూటరు బోర్డులొచ్చి నిచ్చెనల పనే పోయింది. బండ్ల మీద నెంబర్లు రాసుకుంటూ నెట్టుకొచ్చాడు. వీధిలో కొత్త పిల్లలకు ఆయన్ని అలా ఎందుకు పిలుస్తారో కూడా తెలియదు.

పోయినేడు అత్తయ్యకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. నేను బస్సు దిగేసరికే అయిపోయింది. ఆ రోజు గుమ్మం దగ్గర, బోర్డులకు చట్రాలు బిగించే పాత స్నేహితుడు మావయ్య పక్కన కూర్చుని ఒక సిగరెట్టు తీసి ఇచ్చాడు. "ఇంక కాదనేవాళ్ళు ఎవరున్నారు, ఒకటి తాగు" అన్నాడు. మావయ్య తీసుకుని కాసేపు చూసి, తిరిగి ఆ స్నేహితుడి జేబులోనే పెట్టేశాడు.

నెల తర్వాత మళ్ళీ వెళ్ళాను. మాతో వచ్చెయ్యమని అడగడానికే వెళ్ళాను. ఇంట్లో లైట్లు వెయ్యలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఒక్కడివీ ఎలా ఉంటున్నావు మావయ్యా?" అన్నాను.

"కష్టంగానే ఉందమ్మా" అన్నాడు. ఆ మనిషి ఏ విషయంలోనైనా కష్టమని ఒప్పుకోవడం నేను మొదటిసారి విన్నాను. "ఇదే మీ అత్తయ్య పడాల్సొచ్చేది. అది పడలేకపోయేది. నేను పడుతున్నానుగా, పోనీలే."