తాళం తీసిన మాట

ధర్మవరంలో పట్టుచీరలు అమ్మే ఆరు అంగళ్లవాళ్లం మాలో మేం మాట్లాడుకోవడానికి ఒక చాట్ సర్వర్ పెట్టుకున్నాం. మా అంగడి మిద్దె మీద, పాత కంప్యూటర్‌లో నడిచేది. సబ్బుబిళ్లకు కూడా బేరమాడే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్‌ను వదులుతానా? అందులో మా ఆరుగురికే అని ఒక గదిలాంటి ఛానెల్‌కు పాస్‌వర్డ్ వేశాను. వానలు లేక అమ్మకాలు పడిపోయిన ఏడాది అది. చేతిమగ్గం చీరల అంచులు ఫోటోలు తీసి అక్కడ పెట్టి, ఏవి నకలు తీయడానికి మరమగ్గాలకు ఇవ్వాలో తేల్చుకునేవాళ్లం.

మాకు చాలా ఏళ్లుగా నేసే పెద్దాయన ఒకడున్నాడు. ఆయన కట్టిన ఒక అంచు, మడకశిర పక్క గొర్రెలమంద నడిచిన దారిలా వంకరలు తిరుగుతుంది. కొత్త అంచుకు నేతగాళ్లు ఇంట్లో ఒక పేరు పెట్టుకుంటారు. పట్టు ఇచ్చే షావుకారుకు తప్ప బయట చెప్పరు. నాకు చెప్పాడు. కొన్నాళ్లకు ఆ అంచు మరమగ్గం చీరల మీద కనబడింది.

ఆయన వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఏమప్పా, నా అంచు నీ కాడ నుంచే పోయిందంటాండారు. నిజమేనా?"

"లేదు మామా."

"మరి తాళమేసుకోని ఏం మాట్లాడుకుంటాండారు?"

బేరమే నోటికొచ్చింది. తాళం తీసేస్తాను, నువ్వే లోపలికొచ్చి చూసుకో అన్నాను. రెండు రోజులు గడువడిగి పాత ఫోటోలూ మాటలూ ఒక్కటి మిగలకుండా తుడిచేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడో రోజు పొద్దున ఆయన్ను అంగట్లో కూర్చోబెట్టి, ఆయన ఫోన్‌ను ఛానెల్‌లోకి చేర్చాను. తాళం తీయడం కళ్లారా చూడాలని. మా సర్వర్‌లో పాస్‌వర్డ్ తీసేయాలన్నా ఆ పాస్‌వర్డే కొట్టాలి. కొట్టాను. ఎవరు తీశారో, ఏ మాటతో తీశారో లోపల ఉన్నవాళ్లందరికీ అది చూపిస్తుందని నాకు తట్టలేదు. నా పేరు, పక్కనే 'గొర్రెబాట'.

సులువుగా గుర్తుంటుందని నేను పెట్టిన మాటే. అది ఒక అంచు పేరని మిగతా ఐదుగురికీ తెలియదు. ఎదురుగా కూర్చున్నవాడికి తెలుసు.

ఆయన ఫోన్‌ను దూరంగా పట్టుకొని ఆ మాట చదివాడు.

"పేరు కూడా చెప్పినావా అప్పా."

అంతే. చెప్పులు వేసుకొని ఎండలోకి పోయాడు.

ఛానెల్ ఇప్పటికీ తెరిచే ఉంది. నేతగాళ్లెవరూ రారు. ఆయన మగ్గానికి నేనిచ్చిన పట్టు మాత్రం ఆ వారంలోనే తిరిగి వచ్చింది, సంచి మూతి విప్పకుండా.