వెలుతురు పడని గదిలో పీస్ లిల్లీ

మా అమ్మను మేము అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం. చర్చి స్త్రీల సమాజం కూడికకు నిజామాబాద్ పోయి వస్తూ, అవ్వ ఒక పూలకుండీని ఒళ్లో పెట్టుకుని బస్సులో మా బోధన్‌కు తెచ్చింది. ముదురు ఆకుల నడుమ ఒకే ఒక తెల్ల పువ్వు, ప్రార్థనలో ఎత్తిన అరచెయ్యిలా ఉంది. దాని పేరు పీస్ లిల్లీ అని నేను చెప్తే, "పేరేదైతేంది బిడ్డా, ఇంట్లనే పూస్తది. ఎండకు పోయి తెంపుకొచ్చే పని లేదు" అన్నది.

తర్వాత ఆమెకు జబ్బు చేసింది. చివరి నెలల్లో ఆమె కళ్లు వెలుతురును ఓర్చుకోలేకపోయేవి. బాపు కిటికీ మూసి, సందుల్లోంచి కూడా ఎండ పడకుండా దానికి చెద్దరు కట్టాడు. కుండీని ఆమె మంచం పక్కన పెట్టాడు. ఆమె ప్రభువు దగ్గరికి పోయిన తర్వాత కూడా ఆ చెద్దరు విప్పలేదు. ఉన్న పువ్వు పచ్చబడి, వాడి, రాలింది. కొత్తది రాలేదు.

బాపు చర్చికి రావడం మానేశాడు. మొదటి గంట కొట్టకముందే పోయి చాపలు పరిచే మనిషి ఆయన. మా పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చి పిలిస్తే బాపు తల ఎత్తలేదు.

"ఆమె కోసం ఎంత పార్థన జేసిన్నో మీకు తెల్సు అయ్యగారూ. దేవుడు ఇన్నడా? సరే, గా చెట్టును పూయమనుండ్రి. అది పూసిన నాడు నేనే వస్త."

అయ్యగారు చిన్న ప్రార్థన చేసి వెళ్లిపోయారు. నాకు భయం వేసింది. దేవుణ్ణి పరీక్షించకూడదని సండే స్కూల్లో మాకు నేర్పింది ఇటువంటి మాటల గురించే. అయినా ప్రతి ఉదయం ఆ పువ్వు కోసమే మోకరించాను. ఒక పువ్వు మీద బాపు తన ఆత్మను పణం పెట్టినట్టు అనిపించేది.

బాపు మాట అన్నాడే గాని, చెట్టును వదల్లేదు. కోటగిరి తోవలో మాకు చెరుకు తోట ఉంది. చేనుకు చేసినట్టే కుండీకీ చేశాడు. పిడికెడు యూరియా, కుండీ నిండా నీళ్లు. ఆకులు తెగ పెరిగాయి. పువ్వు జాడ లేదు. చెరుకు పెంచే మాకు పూతంటేనే భయం. పూస్తే గడ బెండుబారుతుంది, రసం తగ్గుతుంది. మా చేతులకు తెలిసింది ఆకునూ గడనూ పెంచడమే.

చివరికి కుండీ ఎత్తుకుని ఇద్దరం నిజామాబాద్ నర్సరీకి పోయాం. నర్సరీ ఆమె ఆకులు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏం ఏసినవ్ బాపు దీనికి? గానుగకు గిట్ల తోల్తవా ఏంది?"

"నవ్వకమ్మా. జరంత యూరియా ఏసిన."

"జరంత కాదు, బస్తనే గుమ్మరించినట్టున్నవ్. ఇగ ఏమీ ఎయ్యకు. మన్ను ఆరినంకనే నీళ్లు పొయ్యి. యాడ పెట్టిండ్రు దీన్ని?"

కిటికీ మూసిన గది సంగతి నేనే చెప్పాను.

"చీకట్ల పూస్తదా అక్కా? మండే ఎండ వద్దు గని, కిటికీ వెలుతురన్న ఉండాలె" అన్నది నర్సరీ ఆమె.

ఇంటికొచ్చాక బాపు కుండీని మళ్లీ మంచం పక్కనే పెట్టబోతుంటే ఆపాను.

"బాపు, కిటికీ తెరుద్దాం."

"చెట్టుకు వెల్తురు గావాల్నని నాకు తెల్వదా బిడ్డా? ఇన్నేండ్ల సంది ఎవుసం చేస్తున్న." ఆయన కుండీని కింద దించాడు. "గా చెద్దరు దీస్తే ఆమె ఇగ లేనట్టే గద."

నేను మనసులో ప్రార్థన చేసుకుంటూ నిలబడ్డాను. చాలాసేపటికి ఆయనే స్టూలు తెచ్చుకుని, మేకుల నుంచి చెద్దరు విప్పాడు. కిటికీ రెక్కలు బిగుసుకుపోయి ఉంటే భుజంతో నెట్టాడు. వెలుతురు ఖాళీ మంచం మీద పడింది. బాపు ఆ మంచం మీద కూర్చుని, అవ్వ పోయిన నాడు కూడా ఏడవనంతగా ఏడ్చాడు.

ఆ తర్వాత పొద్దున పూట ఆ గదిలోనే చాయ తాగేవాడు. పువ్వు వానలు పడ్డాకే వచ్చింది. కానీ ఎండలు ఇంకా తగ్గని ఒక ఆదివారం, మొగ్గ కూడా లేనప్పుడే, బాపు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వాకిట్లో చెప్పులు వెతుకుతున్నాడు.

నాకు నోరాగలేదు. "చెట్టు ఇంక పూయలే గద బాపు?"

"దాని యాల్లకు అది పూస్తది తియ్యి. నడువు, పాట మొదలైతది."

ఆ రోజు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం. బాపు మగవాళ్ల వైపు చివరన కూర్చున్నాడు, పాటలకు పెదవి కదపలేదు. అందరూ వరుసగా లేస్తుంటే ఆయన మాత్రం తల వంచుకుని ఉండిపోయాడు. నా వంతు అయిపోయి తిరిగి వస్తుంటే, గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. బల్ల ముందు మోకరించిన ఆఖరి మనిషి ఆయనే. అయ్యగారు రొట్టె అందించినప్పుడు, బాపు రెండు చేతులూ చాపి తీసుకున్నాడు.