గేటు దగ్గర సంచుల తనిఖీ

ఆ బడిలో గేటు తీసేదీ, గంట కొట్టేదీ, గదులు ఊడ్చేదీ ఒక్క మనిషే. పిల్లలు ఆవిడకు స్కానరమ్మ అని పేరు పెట్టారు. రెండేళ్ల కిందట ఒక కుర్రాడి సంచిలో మత్తు మాత్రలు దొరికాయి. అప్పటి నుంచి రోజూ పొద్దున్న గేటు దగ్గర స్టూలు వేసుకుని ఒక్కో సంచీ తెరిచి చూడటం ఆవిడ పని. ఎవరూ అప్పగించలేదు, అడిగి మరీ తీసుకుంది. టిఫిన్ డబ్బాల మూతలు తీసి వాసన చూసేది. మేజోళ్లు విప్పి దులపమనేది. వాటర్ బాటిల్ ఊపి చెవి దగ్గర పెట్టుకునేది, ఏం వినబడుతుందనుకునేదో ఆవిడకే తెలియాలి.

పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లులకు ఉపన్యాసం ఉచితం. "పిల్లలు పాడైపోతే తప్పెవరిదమ్మా? పెంచినవాళ్లది. నా మనవరాలు ఎనిమిదో తరగతి. నా ముందు నోరెత్తదు. భయం ఉండాలి" అనేది. తల్లులు తలలూపి, ఆఫీసుకు టైమవుతోందంటూ జారుకునేవారు. సంచిలో ఏదైనా దొరికితే మారుమాట లేకుండా టీసీ ఇచ్చి పంపేయాలన్న రూలు కూడా ఆవిడ పట్టుబట్టి పెట్టించిందే. ఆ మొదటి కుర్రాడిని అలాగే పంపేశారు. వాడు తర్వాత ఏమయ్యాడో ఎవరూ అడగలేదు కానీ, బడికి మాత్రం మంచి పేరొచ్చింది.

మనవరాలు ఆవిడ దగ్గరే పెరుగుతోంది. కూతురు బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తూ ఆరింటికే వెళ్లిపోతుంది. ఏడింటికి ఈవిడ బడికి బయల్దేరుతుంది. పిల్ల ఇంటికి తాళం వేసుకుని, ఎనిమిదిన్నరకు అందరితోపాటు గేటు దగ్గరకు వస్తుంది. నాలుగు వందల సంచులూ తిరగేసే మనిషి ఆ ఒక్క సంచీ తెరిచేది కాదు. ఎందుకు తెరవాలి? పొద్దున్న సర్దిపెట్టింది తనే కదా.

ఆవిడకు ఇంకో గౌరవం కూడా ఉంది. ప్రిన్సిపాలుగారి గుమ్మం పక్కన ఫిర్యాదుల పెట్టె ఉంటుంది. ఎవరైనా వేధిస్తే నిర్భయంగా రాసి వేయండి అని దాని మీద ఎర్రక్షరాలు. నిర్భయంగా వేయాలంటే ముందు ప్రిన్సిపాలుగారి కిటికీ దాటాలి, కెమెరా కింద నిలబడాలి, "ఇక్కడేం పని నీకు?" అని అడిగే టీచరుకు జవాబు చెప్పాలి. అందుకని మూడేళ్లుగా అందులో చాక్లెట్ కాగితాలు తప్ప ఏమీ పడలేదు. ప్రతి శుక్రవారం ఈవిడ తాళం తీసి, రిజిస్టరులో 'ఖాళీ' అని రాసి సంతకం పెట్టేది. అన్ని ఖాళీలు చూసి ముచ్చటపడి, వేధింపులు లేని బడి అని పెద్దలెవరో శనివారం సన్మానం చేస్తామన్నారు.

సన్మానానికి ముందురోజు పెట్టెలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది.

'పదో తరగతి అక్కలు ఇద్దరు రోజూ సందు మలుపులో నా జామెట్రీ బాక్సులో మాత్రలు పెడుతున్నారు. లోపలికి తెచ్చి ఇవ్వకపోతే, నా నెత్తిన బురదనీళ్లు పోసి తీసిన వీడియో అందరికీ పంపిస్తామంటున్నారు. నా సంచి ఎవరూ చూడరు.'

పేరు రాయలేదు. అక్కర్లేదు కూడా. ఆ బడిలో ఎవరూ చూడని సంచి ఒక్కటే.

ఆవిడ పెట్టెకు మళ్లీ తాళం వేసింది. ఎవరు రాశారో చెప్పకుండా కాగితం ప్రిన్సిపాలుగారికి ఇచ్చింది. ఆయన అప్పటికి సన్మానంలో ఏ కోటు వేసుకోవాలా అన్న తీవ్రమైన ఆలోచనలో ఉన్నారు.

"ఎవరో ఆకతాయిగా రాసుంటారు. సోమవారం చూద్దాంలే. ఈ వారానికి ఖాళీ అని రాసెయ్" అన్నారు.

రాసేస్తే మనవరాలు బడిలో ఉంటుంది, మాత్రలు మోస్తూనే ఉంటుంది. రాయకపోతే తను పెట్టించిన రూలే పిల్ల మెడకు చుట్టుకుంటుంది. ఆవిడ ఏమీ రాయకుండానే రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చేసింది.

సాయంత్రం ఇంట్లో పిల్ల సంచి తెరిచింది. జామెట్రీ బాక్సులో స్కేలు కింద, ఆ రోజు వాళ్లకు ఇవ్వకుండా దాచినవి నాలుగు మాత్రలున్నాయి. చెయ్యెత్తింది, అలవాటు. పిల్ల తప్పుకోలేదు, కళ్లు మూసుకుని నిలబడింది. ఎన్నాళ్లుగా ఎక్కడెక్కడ ఇలా నిలబడుతోందో అనిపించి ఆవిడకు ఏడుపొచ్చింది. ఎత్తిన చెయ్యి దించేసింది.

శనివారం పొద్దున్నే మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లి, ప్రిన్సిపాలుగారి బల్ల మీద రిజిస్టరు పెట్టింది. అందులో 'ఒకటి' అని రాసి ఉంది. పక్కన మాత్రలు పెట్టింది.

"ఈ పిల్ల సంచిలోవేనండీ."

ఆయన మొహంలో రంగు మారింది. "రూలు తెలుసుగా? నువ్వే పెట్టించావు."

"తెలుసండీ. మరి గేటు తీసి లోపలికి పంపింది నేను. టీసీ రాస్తే ముందు నా పేరు రాయండి. రాసేలోగా, ఆ ఇద్దరెవరో ఈ పిల్ల చెబుతుంది, వాళ్ల అమ్మానాన్నల్నీ పిలిపించండి. వాళ్లూ పిల్లలేగా, ఆ మాత్రలు వాళ్లకెక్కడివో అడగాలి. లేదంటే ఆ కాగితంలో ఉన్నదంతా నేనే సభలో చెబుతా."

ప్రిన్సిపాలుగారికి ఉన్నట్టుండి పిల్లల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. తల్లిదండ్రులకు ఫోన్లు వెళ్లాయి. టీసీ మాట పక్కకు పోయింది. సన్మానం వాయిదా పడింది, అతిథులకు మాత్రం జ్వరమని చెప్పారు. ఎవరికి జ్వరమో చెప్పలేదు.

వరండాలోకి వచ్చాక ఆవిడ మెట్టు మీద కూలబడి, పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఒకే ఇంట్లో ఉంటాం కదే. నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే చంపేస్తావనుకున్నా అమ్మమ్మా. పెట్టె తెరిచేది నువ్వేగా, అందుకే రాసి వేశా." పిల్ల గేటు వైపు చూసింది. "రోజూ గేటు దగ్గర మెల్లగా నడిచేదాన్ని. అందరివీ చూస్తున్నావుగా, ఒక్కరోజైనా నాదీ తెరుస్తావేమోనని. నువ్వేమో, త్వరగా పో, గంట కొట్టాలి అనేదానివి."

గంట కొట్టాల్సిన టైము దాటిపోయింది. ఆవిడ లేవలేదు.