తూము మూయించిన మరియమ్మ పెద్దమ్మ

నిన్న పొద్దున కాలేజీ బస్సులో ఉండగా అన్నయ్య ఫోన్. "మరియమ్మ పెద్దమ్మ పోయిందే" అన్నాడు.

"ఏ మరియమ్మ?" అని అడిగాను.

మా ఇంట్లో ఉన్నది ఒక్కతే మరియమ్మ. అయినా అడిగాను.

గుండెపోటట.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. జీవితమంతా మిరప చేలల్లో కూలి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని నేను. సంతకం రాని పెద్దమ్మ నాకు ల్యాబ్ పని నేర్పింది. నిజంగానే.

మా ఊరి వాగు మీలో చాలామందికి తెలుసు. వాన పడితే చేలల్లో వేసిన ఎరువంతా అందులోకే. ఆ నీళ్ళే తూము గుండా మంచినీళ్ళ చెరువులోకి. చెరువు నిండా పచ్చటి పాచి.

పెద్ద మెషీన్లు కొనే స్థోమత మాకు లేదు. నీళ్ళలో ఎరువు ఎంత కలిసిందో చూపే నైట్రేట్ స్ట్రిప్స్ తెచ్చాను నేను. నీళ్ళలో ముంచితే గులాబీ రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే నీళ్ళు అంత చెడ్డవి.

మొదటి రోజు ముంచిన స్ట్రిప్స్ అన్నీ ముదురే. పోల్చి చూద్దామని, వాగు నీళ్ళు తెచ్చిన బకెట్లోనే పోసిన మినరల్ వాటర్ కూడా! నేను కంగారుపడి, నీళ్ళన్నీ విషమేనని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

పెద్దమ్మ బకెట్ వైపు చూసింది.

"ఏమే చదువుకున్నదానా, పొద్దున మిరపకు కొట్టే నైట్రేట్ కలిపింది ఈ బకెట్లోనే గదే!"

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మర్నాటి నుంచి వాగు నీళ్ళకు వేరే స్టీలు చెంబు. "దీన్ని ఎవరు ముట్టుకున్నా చేతులు విరగ్గొడతా" అంది.

రోజూ స్ట్రిప్ రంగు చూసి చెప్పేది కూడా తనే. తర్వాత మా ఫిర్యాదు మీద ఒక ఆఫీసర్ వచ్చాడు. "చదువురాని ముసలమ్మ రంగు చూసి చెప్తే అది రిపోర్టా?" అన్నాడు.

"నాయనా, నలభై ఏళ్ళు మిరప కల్లాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరాను. నువ్వు తినే కారం రంగు చూసి పంపింది నేనే."

ఆయన ఐదు చోట్ల నీళ్ళు తెప్పించి, స్ట్రిప్స్ ముంచి, ఏది ఎక్కడిదో చెప్పకుండా కలిపేసి ఇచ్చాడు. పెద్దమ్మ లేత నుంచి ముదురు దాకా వరసగా పేర్చింది. అవే నీళ్ళు ల్యాబ్‌కు వెళ్ళాయి. ల్యాబ్ చెప్పిన వరస కూడా అదే. వాగు నీళ్ళలో నైట్రేట్ హద్దు దాటిందని కాగితం మీద వచ్చింది.

అప్పటి నుంచి స్ట్రిప్ ముదిరిన రోజు తూము మూస్తున్నారు. పెద్దమ్మ దగ్గరుండి మూయించేది. ఎరువులు దండిగా వేసే వాళ్ళకు ఇది గిట్టలేదు. ఎన్ని మాటలన్నారో!

నిన్న సమాధి దగ్గరే ఒక పెద్దాయన పక్కవాడితో అన్నాడు. "పోన్లే, ఇక ఈ తూము గోల వదిలింది."

మట్టి ఇంకా తడిగానే ఉంది.

లేదండీ. వదల్లేదు.

మొన్న పడ్డ వానకు ఈ పొద్దున వాగు ఎర్రగా వచ్చింది. అమ్మ, నేను, పెద్దమ్మతో కూలికి వెళ్ళే ఇద్దరు అక్కలు వెళ్ళాం. స్ట్రిప్ ముంచాం. ఏడుస్తూనే ముంచాం. ఫొటో కింద పెట్టాను, కళ్ళున్నవాళ్ళు చూసుకోండి.

తూము మూశాం. మళ్ళీ తెరవాలనుకునే వాళ్ళు మా నలుగురినీ దాటుకుని వెళ్ళండి.

వెళ్ళిరా పెద్దమ్మా. ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.

మాకు ఆ నెమ్మది ఇప్పుడే అక్కర్లేదు.