మంగళానికి ఎడమకాలు

ఫలానా పాట ఈ ఏడాది అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైందని ఎవరైనా సంబరంగా చెబితే నాకు ఒళ్లు మండుతుంది. పాడినవాడి గతి ఏమైందో అడగాలనిపిస్తుంది. అడగను. శుభమా అని నలుగురూ సంతోషపడుతుంటే మధ్యలో నీ ఏడుపేమిటంటారు. కానీ నేనూ ఒక ఏడాది ఆ సంబరాన్ని దగ్గరనుంచి చూసినదాన్ని. అప్పుడు మొదటి స్థానంలో ఉన్నది మా నాయన గొంతు.

ఊరూరా టేప్ రికార్డర్లు దిగుతున్న ఎనభైల నాటి మాట. నేను తిరుపతిలో బి.ఏ. చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. శనివారం మధ్యాహ్నం మా ఊరి బస్సెక్కడానికి బస్టాండుకు నడిచిపోయేదాన్ని. దారిలో ఒక క్యాసెట్ల అంగడి. దాని ముందు రెండు నల్లబల్లలు. పెద్దదానిమీద సినిమా పాటలు, దేవుడి పాటలు. చిన్నదానిమీద పల్లెపాటలు. ఏ క్యాసెట్టు బాగా పోతోందో దాని పేరు పైన, తక్కినవాటి పేర్లు దాని కింద, అంగడాయన ప్రతి శనివారం రంగు సుద్దముక్కలతో కొత్తగా రాసేవాడు. పైదాని పక్కన ఇంత లావున 'నంబర్ వన్' అని. కొండకు వచ్చిన యాత్రికులు పెద్ద బల్ల చూసుకుని పోయేవాళ్లు. చిత్తూరు, పుత్తూరు పక్క పల్లెల వాళ్ల కళ్లు మాత్రం చిన్న బల్లమీదే ఉండేవి.

ఆ ఏడాది ఉగాదికి నాట్ల పాటలు పైనున్నాయి. గంగజాతర వారాల్లో వాటిని తోసేసి గంగమ్మ పాటలు ఎక్కాయి. జాతర అయిపోగానే అవీ దిగిపోయాయి. ఆ తల్లికైనా పండగ ఉన్నన్నాళ్లే. తర్వాత ఒక బుర్రకథ కొన్నాళ్లు నిలిచింది. ఆడికృత్తికకు సుబ్రమణ్యస్వామి కావళ్లు కదిలేవేళకు మా నాయన చెక్కభజన పాటలు పైకెక్కాయి. మళ్లీ ఉగాది వచ్చేదాకా దిగలేదు.

మా నాయన చెక్కభజన గురువు. మాకున్న వానాధారపు చేలో వేరుశనక్కాయ వేసేవాడు కానీ ఆయన్ని సేద్యగాడని ఎవరూ అనేవాళ్లు కాదు. కాయలు ఇంటికి చేరాక ఏదో ఒక ఊరినుంచి కబురొచ్చేది. ఆయన అక్కడికి పోయి ఎవరింటి పంచలోనో మకాం పెట్టి, పగలంతా పనిచేసి వచ్చిన కుర్రవాళ్లకు పొద్దుగూకాక చెక్కలు చేతికిచ్చి పాటా అడుగూ నేర్పేవాడు. అంతా వచ్చిందనుకున్నాక గజ్జెపూజ. శిష్యులు కాళ్లకు గజ్జెలు కట్టి దేవుడి ముందర ఆడేవాళ్లు. ఊరంతా కూడి గురువుకు పంచెలచాపు పెట్టి, కాయల మూట బండికెత్తి సాగనంపేది. అది చూసిన పక్క ఊరి పెద్దలు ఆ పూటే, వచ్చే ఏడు మా ఊరికి రావాలని తాంబూలం ఇచ్చేవాళ్లు. ఆ తాంబూలం వస్తేనే ఆయన గురువు. రాకపోతే వట్టి మెట్టచేను ఆసామి. మా నాయనకు బతుకంటే ఆ తాంబూలమే.

ఆయన గురుపరంపరలో ఒక కట్టడి ఉంది. చివర పాడే మంగళాన్ని, దాని అడుగును ముందుగా నేర్పకూడదు. గజ్జెపూజ నాటి ఉదయమే నేర్పాలి. అందుకే గురువు లేకుండా ఏ ఊరూ గజ్జె కట్టేది కాదు. మంగళానికి కుడికాలు ముందు పడాలి. కొత్త కోడలు గడప దాటినట్టు, దేవుడి ఎదుటికి కుడికాలు పెట్టే పోవాలి.

ఇంకో సంగతి. నాయన ఎప్పుడూ శిష్యులకు ఎదురుగా నిలబడి నేర్పేవాడు. వాళ్లు తనను చూసి చేస్తారు కాబట్టి, నోటితో "కుడి" అంటూ తాను ఎడమకాలు ఎత్తేవాడు, అద్దంలో బొమ్మలాగా. నోరు శిష్యులది, కాలు తనది. ఎదురుగా మనుషులున్నంతకాలం ఆయనకు అది ఏనాడూ తప్పలేదు.

ఒక తిరునాళ్లలో ఆయన పాట విని అంగడాయన మా ఇంటికే వచ్చాడు. "మీ పాట తిరుపతినుంచి మద్రాసు దాకా మోగాల సామీ" అన్నాడు. నాయన మురిసిపోయాడు. మురిసిపోడా మరి! అప్పటిదాకా ఆయన పాట విన్నవి చుట్టుపక్కల పల్లెలే. అమ్మ మాత్రం వెనకాడింది.

"అడిగినోళ్లకంతా ఇడిసేస్తే నీకాడ ఏం మిగులుతుంది?"

"పాట ఏమన్నా కుండలో నీళ్లా, తోడితే తరిగిపోయేదానికి?" అని నవ్వాడు నాయన.

రికార్డింగ్ తిరుపతిలోనే, ఒక లాడ్జి గదిలో. బయటి రొద రాకుండా గోడలకు దుప్పట్లు కట్టారు. ఆదివారం కాబట్టి నేనూ పోయాను. నాయనను మైకు ముందు, దుప్పటి గోడకేసి నిలబెట్టారు. మద్దెల కొట్టేవాడు, వంత పాడేవాళ్లు వెనక. పాటలన్నీ అయ్యాక టేపు కొంచెం మిగిలింది. ఇంక చాలన్నాడు అంగడాయన. నాయన ఒప్పుకోలేదు.

"గజ్జెపూజ పాటలన్నీ పాడినాక మంగళం పాడకుండా సెక్క కింద పెట్టగూడదప్పా. అరిష్టం."

పాడటం వేరు, నేర్పటం వేరు అని ఆయన నమ్మకం. కానీ ఆ పాట ఆయన గజ్జెపూజల్లో తప్ప ఎక్కడా పాడినవాడు కాడు. అడుగులు చెప్పకుండా అది ఆయన నోటికి రాదు. కాబట్టి అడుగడుక్కీ ఏ కాలు ఎత్తాలో, ఎటు తిరగాలో చెబుతూనే పాడాడు. ఎదురుగా శిష్యులు లేరు, నీలం గీతల దుప్పటి ఉంది. అంగడాయన ఎగిరి గంతేశాడు. పాటకు పాట, పాఠానికి పాఠం అన్నాడు. నాయనకు శాలువా కప్పి, రెండు క్యాసెట్లు పంపిస్తానన్నాడు. పంపించాడు కూడా. వినడానికి మా ఇంట్లో టేప్ రికార్డరే లేదు.

ఇక చూడాలి. బస్సుల్లో నాయన, కాఫీ హోటళ్లలో నాయన, అలిపిరి దగ్గర మెట్లెక్కబోతున్నవాళ్ల పక్కన నాయన. హాస్టల్లో నా తోటి పిల్లలు నన్ను పేరుతో పిలవడం మానేసి 'నంబర్ వన్' అనేవాళ్లు. శనివారం శనివారం బల్ల చూసుకుని ఇంటికి పోయి చెప్పేదాన్ని. "ఇంగా ఆడనే ఉండాదా పాపా?" అని అడిగేవాడు నాయన, ఏదో ఊళ్లో ఉన్న కొడుకు క్షేమం అడిగినట్టు.

కాయలు ఇంటికి చేరాయి. కబురు రాలేదు. ముందటేడు తాంబూలం ఇచ్చిన ఊరు కూడా ఉలకలేదు, పలకలేదు. నాయన చెక్కలకు నూనె రాసి ఎండలో పెట్టడం, తీసి సంచిలో పెట్టడం. పని దొరికిన మనిషిలా తిరుగుతూ పని లేకుండా ఉన్నాడు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అంది అమ్మ ఒకరోజు. నాయన అన్నం సగంలో వదిలేసి లేచాడు. తప్పు మాట అయితే కోపగించేవాడే.

కార్తీకంలో ఆ తాంబూలమిచ్చిన ఊరినుంచే మనిషి వచ్చాడు. నాయన అరుగుమీదనుంచి దిగి ఎదురుపోయాడు.

"మా ఊర్లో గజ్జెపూజ సామీ. మీరు తప్పకుండా రావాల."

"నేర్పేదానికి ఎప్పుడు రమ్మంటారు?"

"నేర్సుకున్నారు సామీ పిలకాయలు. మీరు వొచ్చి ఆశీర్వాదం సేస్తే సాలు."

"నేర్పకుండానే గజ్జెపూజా?" అని ఆ మనిషి పోయాక కూడా అడుగుతూనే ఉన్నాడు నాయన, ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండా.

ఆయనతో నేనూ పోయాను. గుడి ముందర స్టూలుమీద టేప్ రికార్డర్ పెట్టి ఉంది. దానికి చామంతి దండ వేసి, కుంకుమ బొట్టు పెట్టారు. గురువు నిలబడే చోటే పెట్టారు. నాయనను చూసి అందరూ లేచి దండం పెట్టారు. కుర్చీ వేశారు, సోడా తెచ్చారు. మర్యాదకు లోటేమీ లేదు. ఆ మర్యాదే నాకు చెప్పుతో కొట్టినట్టు అనిపించింది.

తిరునాళ్లలో చూసి పట్టుకున్న అడుగులతో పాటలు బాగానే ఆడారు. మంగళం వచ్చింది. టేపులోనుంచి నాయన గొంతు, "ఎడమకాలు ముందర" అంది. కుర్రవాళ్లంతా గజ్జెలు మోగిస్తూ ఎడమకాలు పెట్టి దేవుడి ఎదుటికి కదిలారు. నాయన కుర్చీలోనుంచి దిగ్గున లేచాడు. లాడ్జి గదిలో ఏం జరిగిందో నాకు అప్పుడు అర్థమైంది. ఎదురుగా శిష్యులు లేకపోయేసరికి ఆయన నోరు ఆయన కాలి వెంటే పోయింది.

"ఆపండి, ఆపండి! కుడికాలు ముందర పడాల!"

ఊరి పెద్దాయన వచ్చి చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టాడు. "మీరే సెప్పినారు కదా సామీ, ఎడమని. ఇనండి కావాలంటే."

"నేను తప్పు సెప్పినాను."

"ఊరుకోండి సామీ. మీరు తప్పు సెప్తారా?"

కుర్రవాళ్లు నాయన ముఖం ఒకసారి, టేప్ రికార్డర్ ఒకసారి చూశారు. ఎవరి మాట వినాలో వాళ్లు తేల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. టేపు వెనక్కి తిప్పి మంగళం మళ్లీ మొదటినుంచి పెట్టారు. పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చి చూస్తున్నారు. ఎవరూ తాంబూలం మాట ఎత్తలేదు. ఎందుకెత్తుతారు, అంగట్లో దొరుకుతుంటే?

మరుసటి రోజే అంగడికి పోయాం. ఒక్క మాట మార్చి మళ్లీ పాడతానని నాయన బతిమాలాడు. గురువు అట్లా ఒకరిని బతిమాలడం నేను చూడటం అదే మొదలు. అంగడాయన చెడ్డవాడు కాడు. కాఫీ తెప్పించాడు, పెద్దల ముందు కూర్చోకూడదని తాను నిలబడే మాట్లాడాడు.

"నంబర్ వన్‌లో ఉండేదాన్ని ఎవురన్నా కదిలిస్తారా సామీ? దాంట్లో తప్పే ఉంటే ఇన్ని వారాలు ఆడ ఉంటాదా?"

"జనం కొంటే తప్పు ఒప్పు అయిపోతుందా అప్పా?"

"నలుగురితో నారాయణా అనుకోండి. ఇప్పుడు అన్ని ఊర్లల్లో అదే అడుగు. మీరొక్కరే వేరేగా ఆడితే మీకే మర్యాద కాదు."

నాయన కాఫీ ముట్టుకోలేదు. నాకు ఆ బల్లమీద ఉమ్మెయ్యాలనిపించింది. అక్కడ మా నాయన పేరు గులాబిరంగు సుద్దతో, పూలతీగ మధ్యలో రాసి ఉంది.

ఉగాది ముందర అంగడాయన కల్యాణమంటపంలో సభ పెట్టాడు. ఏడాదంతటికీ పల్లెపాటల్లో నంబర్ వన్ అని నాయనకు సన్మానం. పోవద్దని అమ్మ చెప్పింది, నేనూ చెప్పాను. "పిలిచినారు కదా" అన్నాడు. ఆ ఏడాది ఆయన్ని పిలిచింది వాళ్లొక్కరే.

శాలువాలయ్యాయి, దండలయ్యాయి. నాలుగూళ్ల కుర్రవాళ్లు వేదికమీద వరసగా నిలబడ్డారు. గురువుగారు కూడా కలిసి మంగళం ఆడాలని మైకులో చెప్పారు. నాయన గజ్జె కట్టి వాళ్ల మధ్యలో నిలబడ్డాడు. ఈసారి ఆయన శిష్యులకు ఎదురుగా లేడు. అందరూ జనంవైపే తిరిగి ఉన్నారు. టేపు పెట్టారు.

నాయన కుడికాలు వేశాడు. వరసంతా ఎడమకాలు వేసింది. వాళ్లు అటు తిరిగితే ఆయన ఇటు తిరిగాడు. పక్కవాడి చెక్క ఆయన మోచేతికి తగిలింది, వెనకవాడు మీదకొచ్చాడు. జనం నవ్వారు. ముసలాయనకు అడుగు తప్పిందని నా వెనక ఎవరో జాలిపడ్డారు. వెనక్కి తిరిగి వాళ్లవైపు కొరకొరా చూశాను.

రెండో చరణం వచ్చింది. నాయన ఒక్క క్షణం ఆగాడు. తలవంచి తన కాళ్లవైపు చూసుకున్నాడు. ఎడమకాలు ముందు వేశాడు. వరస కుదిరింది. గజ్జెలన్నీ ఒక్కటే మోత. మంటపం చప్పట్లతో ఊగిపోయింది.

ఆట అయ్యాక ఆయన పక్కన ఆడిన యువకుడు వంగి కాళ్లకు మొక్కాడు. చెమటతో మెరుస్తున్న ముఖం, మంచి ఒడుపున్న పిల్లవాడు.

"మొదట తడబడినారు గానీ, రెండోతూరి సరిగ్గా పడింది సామీ అడుగు."

నాయన వాడి తలమీద చెయ్యి పెట్టాడు. "బాగ ఆడినావు నాయనా. నీకు ఎవురు నేర్పించినారు?"

"క్యాసెట్టు సామీ" అన్నాడు వాడు.

ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది. చెంప పగలగొట్టి అయినా ఇంటికి పోయేదాన్ని.