ఎర్ర గీత దాటిన రైలు

కంచరపాలెంలో రేడియోలు బాగుచేసే ఆయనే మా కాలనీ క్లబ్బు బొమ్మరైలుకు డాక్టరు. ఇంజను ఎక్కించే ముందు పట్టాల మీద చిన్న బల్బు ఆనించి చూసేవాడు. “ముందు బల్బు ఎలగాల బావ, తరవాతే బండి” అనేవాడు. వేగం పెంచే రెగ్యులేటరు మీద పన్నెండు వోల్టుల దగ్గర, అది దాటితే మోటారు మాడిపోతుందని, భార్య గోళ్లరంగుతో ఎర్ర గీత గీశాడు.

తొంభైల్లో ఒక ఆదివారం, ఆయన ఇంజను మోటారుకు కొత్త తీగ చుట్టి ఇచ్చాక, ప్రదర్శన పెట్టాం. రైలు సొరంగంలోంచి దూసుకొస్తుంటే హాలంతా ఈలలే! ఆయన టీకి వెళ్లగానే నేను రెగ్యులేటరు మీటను గీత దాటించాను. అబ్బ, ఏం పరుగు! మూడో చుట్టులో ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది.

“ఏటైంది?” అంటూ పరుగెత్తుకొచ్చాడు.

“నీ రిపేరే సరిగా లేదు” అన్నాను, అందరూ వినేలా.

ఆయన మీటను చూశాడు, నన్ను చూశాడు. కార్యదర్శి వచ్చేలోపే దాన్ని గీత దగ్గరికి తిప్పేశాడు. “నాదే తప్పండి, మోటారు సరిగా సుట్టనేదు” అన్నాడు. క్లబ్బు మళ్లీ ఆయన్ని పిలవలేదు.

కొన్నాళ్లకు గోపాలపట్నం మార్కెట్లో ఎదురుపడితే తల దించుకున్నాను. ఆయనే దగ్గరికొచ్చాడు, కళ్లు మెరుస్తున్నాయి.

“నిజం సెప్పు బావ, ఎంత స్పీడొచ్చింది?”

ఆయనకు ఆ మార్కెట్లోనే చెప్పాను. క్లబ్బు వాళ్లకు ఇప్పుడు చెబుతున్నాను: మోటారు ఆయన బాగానే చుట్టాడు.