ఉడుకునీళ్ల ఉల్లి

జగిత్యాల నుంచి కోరుట్ల పోయే బస్సులో పక్క సీటాయన తన డాబా మీద పెంచిన ఉల్లాకు సంచిలోంచి తీసి, తుంచి నాకు రుచి చూపించాడు. గడ్డ కట్టని రకమట. కోసినకొద్దీ చిగురిస్తుందట, ఏళ్ల తరబడి పిలకలు పెడుతూనే ఉంటుందట.

"ఒక్క పిలక ఇయ్యి అన్నా, మా పెరట్ల పెట్టుకుంట."

"ఇయ్యను తమ్మీ. అందరిండ్లల్ల మొలిస్తే ఇగ నా తోట సూడ ఎవలస్తరు?"

"మరి ఎక్కువైతే ఏం జేస్తవ్?"

"ఉడుకునీళ్లు పోసి సంపి పారేస్త. ఊకె పారేస్తే ఎవలన్న ఏరుకపోయి నాటుకుంటరు."

చెప్పి, మెచ్చుకుంటానేమోనని నా మొహం చూశాడు. నోట్లోది కిటికీలోంచి ఉమ్మేసి లేచాను. కోరుట్ల దాకా నిలబడే పోయాను.

ఇప్పటికీ అన్నం వంచిన గంజిని చల్లారేదాకా మట్టి మీద పోయలేను.